కాపలా బల్బు

మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై అయిదు.

నాలుగింటికి ఇన్సూరెన్సు సర్వేయరు తన రిపోర్టు మీద సంతకం పెడతాడు. నాలుగుంపావుకల్లా పోలీసులు ముసలి మేస్త్రిని జీపెక్కిస్తారు. అతని చేతకాని పని వల్ల ఒక పెద్దమనిషి ప్రాణం పోయిందని కేసు. మేస్త్రి కూతురు ఏడుపు ఆపుకుంటూ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కేసరికే ఒంటిగంట దాటింది. ఇక మిగిలింది రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు వర్క్‌షాపు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న కానిస్టేబులుతో వాదనకే తగలడ్డాయి.

డిటెక్టివ్ ఒకచోట కుదురుగా నిలబడే మనిషి కాదు. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. ఎవరు ఏం చెప్పినా మొదట అడిగేది "అప్పుడు టైమెంత?" అనే. అందుకని స్టేషన్లో ఆమెకి గడియారం అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమె చెవినా పడింది. కోప్పడలేదు సరికదా, పిలిచినవాడి వాచీ రెండు నిమిషాలు వెనకబడి ఉందని చెప్పి మరీ వచ్చింది.

వర్క్‌షాపు చిన్నది. షట్టరు లోపల ఒక బల్ల, గోడకి మేకుల మీద వైరు చుట్టలు, బల్ల మీద వరసగా నాలుగు బ్యాటరీలు. మేస్త్రి పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుగా కార్ల కరెంటు పని తప్ప ఇంకో పని ఎరగని మనిషి. అతని మెడలో రెండు వైర్లు బిగించిన చిన్న బల్బు వేలాడుతోంది. ఏ వైరులో కరెంటు వస్తోందో చూసుకునే టెస్ట్ ల్యాంపు అది. పొద్దున కానిస్టేబులు దాన్ని తీసి పక్కన పెట్టమంటే, చొక్కా అయినా విప్పుతాను గానీ ఇది తియ్యనన్నాడట. ఆ మాట చెప్పి కూతురు నవ్వబోయింది, నవ్వు రాలేదు.

డిటెక్టివ్ అటూ ఇటూ నడుస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టింది. మాటల మధ్యలో బల్ల మీదున్న బ్యాటరీ మీద చెయ్యి ఆనించబోయింది.

"అమ్మా, ముందు ఆ ఉంగరం తీసెయ్యండి," అన్నాడు మేస్త్రి.

తన మీద కేసు, గుమ్మంలో పోలీసు, ఈయనగారి బెంగ నా ఉంగరం మీదా అని ఆమెకి చిరాకేసింది. మేస్త్రి తన కుడిచేతి ఉంగరం వేలు పైకెత్తి చూపించాడు. దాని చుట్టూ తెల్లటి మచ్చ, సరిగ్గా ఉంగరమంత వెడల్పున ఉంది. ఇరవయ్యో ఏట పానాతో బ్యాటరీ బిగిస్తూంటే ఉంగరం ఒకవైపు పానాకీ, ఇంకోవైపు కారు బాడీకీ తగిలిందట. కన్ను మూసి తెరిచేలోగా ఎర్రగా కాలిపోయిందట. అలాంటి గాయం ఇంకే మంటకీ పడదనీ, పనిలో ఉన్నవాడెవడైనా ఒక్క చూపులో గుర్తుపడతాడనీ చెప్పాడు. ఆమె ఉంగరం తీసి పర్సులో వేసుకుంది.

తర్వాత వరసగా టైములు చెప్పించింది. కేసులో ఉన్న కారు డెబ్బై ఏళ్ళనాటిది, ఆరు వోల్టులది. లైట్లు మినుకుమినుకుమనేవి, చలిగా ఉంటే స్టార్టవనని మొండికేసేది. యజమాని పెద్దాయనకి డెబ్బై రెండేళ్ళు. దాన్ని పన్నెండు వోల్టులకి మార్చమని ఆయనే కబురు పెట్టాడు. శనివారం మేస్త్రి పాత బ్యాటరీ, పాత డైనమో పీకేశాడు. ఆదివారం డైనమో బదులు కొత్త ఆల్టర్నేటరు, కొత్త కాయిలు పెట్టి వాటికి కొత్త వైరు లాగాడు. సోమవారం సాయంత్రం అయిదున్నరకి కొత్త బ్యాటరీ బానెట్ కింద కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడంతే, తగిలించలేదు. బ్యాటరీని పట్టే రెండు క్లాంపులకీ గుడ్డ చుట్టి పక్కన పెట్టి ఇంటికొచ్చేశాడు. మంగళవారం పదకొండుకి వెళ్ళి, బల్బులన్నీ మార్చి, పెద్దాయన ఎదురుగా బ్యాటరీ తగిలించాలి. పదింటికే షెడ్డులో మంట లేచింది. పెద్దాయన పొగకి ఊపిరాడక చనిపోయాడు. ఇవాళ గురువారం.

"బ్యాటరీ తగిలించలేదని పోలీసులకి చెప్పావా?"

"చెప్పానమ్మా. తగిలించే ఉందని ఫోటో చూపించారు. నేనైతే తగిలించలేదు. మరెవరు తగిలించారంటే నాకేం తెలుసు?"

తగిలించలేదనడానికి సాక్ష్యమేదైనా ఉందా అని ఆమె అడిగింది. మేస్త్రి కానిస్టేబులు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఇది తన గురువు నేర్పిన పద్ధతి అనీ, బయటివాళ్ళకి చెప్పేది కాదనీ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఆరు వోల్టుల బల్బుకి పన్నెండు తగిలితే ఒక్కసారి భగ్గుమని వెలిగి అక్కడికక్కడే మాడిపోతుంది. కార్ల ఓనర్లకి తొందరెక్కువ. మేస్త్రి అటు వెళ్ళగానే వాళ్ళే బ్యాటరీ తగిలించి చూసుకుంటారు, ఏదైనా కాలితే తెల్లారేసరికి మేస్త్రి నెత్తిన రుద్దుతారు. అందుకని అతను పని పూర్తయ్యేదాకా ఒక్క పాత బల్బుని కనెక్షన్‌తో సహా కావాలనే వదిలేస్తాడు. వెనక సీటు పక్కనుండే లోపలి దీపం అది. ఏ తలుపు తీసినా దానంతటదే వెలుగుతుంది.

"దాన్ని మేం కాపలా బల్బు అంటాం. నేను లేనప్పుడు ఎవరైనా బ్యాటరీ తగిలించి తలుపు తీశారా, అది చచ్చిపోతుంది. పొద్దున్నే వెళ్ళి ముందు దాని మొహం చూస్తాను. మంగళవారం ఆ రాత లేకపోయింది."

"ఇప్పుడది బతికుంటే?"

"బతికుంటే పెద్దాయన తలుపు తీసేటప్పటికి కారులో కరెంటు లేనట్టే. చచ్చిపోయుంటే మాత్రం..." మేస్త్రి తల దించుకున్నాడు. "ఆయనే తొందరపడి తగిలించుకున్నట్టు. అప్పుడు కాలింది నా వైరింగేనేమోనని నాకే అనుమానమొస్తుందమ్మా."

ఆ మాటతో డిటెక్టివ్‌కి అతని మీద నమ్మకం కుదిరింది. తనని తాను కాపాడుకోవాలనుకునేవాడు అలా మాట్లాడడు. అదే కారులోంచి విప్పిన పాత బల్బులు రెండు అగ్గిపెట్టెలో పెట్టించుకుని ఆమె గుమ్మం దాకా వచ్చేసింది. మేస్త్రి వెనక నుంచి పిలిచి ఇంకో మాట చెప్పాడు. పాత కారులో బ్యాటరీ ప్లస్సు బాడీకి ఉండేది. కొత్త ఆల్టర్నేటరుకి అది పనికిరాదు, మైనస్సు బాడీకి వెళ్ళాలి. అందుకని తిరగేశాడు. ఆ సంగతి తనకీ, పెద్దాయనకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు టైము రెండుకి రెండు నిమిషాలు తక్కువ.

రెండూ పదికి పెద్దాయన ఇంటి గేటు తీసింది ఆయన తమ్ముడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. కుడిచేతి ఉంగరం వేలికి మాత్రం కట్టు ఉంది. డిటెక్టివ్ నిలబడే అడిగింది, ఆయన నిలబడే చెప్పాడు. మంగళవారం పదీ పన్నెండుకి అన్నయ్యని చూద్దామని వచ్చేసరికి షెడ్డులోంచి పొగ కనబడింది. పరిగెత్తాడు. కాలుతున్న గొళ్ళెం తీస్తూంటే వేలు కాలింది. కారు పక్కన పడి ఉన్న అన్నయ్యని బయటికి లాగాడు. ఫైరింజను పదీ ఇరవై అయిదుకి వచ్చింది, పదీ యాభైకి వెళ్ళిపోయింది. వదిన అన్నయ్యతో పాటు ఆస్పత్రికి వెళ్ళింది. సర్వేయరు వచ్చిన పన్నెండున్నర దాకా షెడ్డుకి తనొక్కడే కాపలా ఉన్నాడు.

బ్యాటరీ సంగతేమైనా చూశారా అని ఆమె అడిగింది.

"నాకు కార్ల గురించి ఓనమాలు కూడా తెలియవమ్మా. ఆ పిచ్చంతా అన్నయ్యదే," అని ఆయన కళ్ళు తుడుచుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు.

షెడ్డు వెడల్పుగా ఉంది, రెండు కార్లు పక్కపక్కన పట్టేంత. ఎడమవైపు కాలిన కారు. కుడివైపు ఖాళీ నేల, దాని మధ్యలో ఎప్పటిదో పాత ఆయిలు మరక. డిటెక్టివ్ ముందు తలుపు దగ్గర ఆగింది. గొళ్ళెం బయటివైపే ఉంది. లోపలివైపు గొళ్ళెం లేదు, గడియ లేదు. ఆమె ఆ చెక్క మీద రెండుసార్లు వేలితో కొట్టి లోపలికి నడిచింది.

కారు ముందుభాగమంతా కాలి ఇనపముక్కలు మిగిలాయి. డాష్‌బోర్డు ఉన్నచోట పెద్ద కన్నం. బానెట్ కింద మంట అంతగా వెళ్ళలేదు, మధ్యలో ఇనపరేకు అడ్డుపడింది. కానీ అంతటా మసి. బానెట్ ముందు వంగి, పొట్ట అడ్డొస్తున్నా ఫోటోలు తీస్తున్న సర్వేయరు ఆమె అడుగుల చప్పుడికే పోల్చుకున్నాడు.

"ఏం అమ్మాయ్, ఇంకా నిమిషాలు లెక్కపెడుతూనే ఉన్నావా?"

"మీరింకా చూడకుండానే సంతకాలు పెడుతున్నారా సార్?"

ఆమె ఆరేళ్ళు ఆయన కింద పనిచేసింది. ఒక గోడౌను మంట కేసులో ఆయన గేటు దగ్గర నుంచే చూసి సంతకం పెట్టేశాడు. వాచ్‌మన్ ఏడాదిన్నర జైల్లో ఉండి వచ్చాడు, ఏ తప్పూ లేదని తర్వాత తేలింది. ఆ తేలిన రోజే ఆమె రాజీనామా ఆయన బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఇప్పుడు ఆ ముసలి మేస్త్రిని చూస్తూంటే ఆమెకి ఆ వాచ్‌మన్ కళ్ళే గుర్తొస్తున్నాయి. అందుకే కాలు నిలవడం లేదు.

సర్వేయరు తన లెక్క గడగడా చెప్పేశాడు. బ్యాటరీ బిగించి ఉంది. ఆల్టర్నేటరుకి మేస్త్రి లాగిన కొత్త వైరు మంట తగలని చోట కూడా కరిగిపోయి ఉంది, అంటే షార్టు సర్క్యూటు. పెద్దాయన తలుపు తీసి కూర్చున్నాడు, తాళం తిప్పాడు, వైరు కాలి డాష్‌బోర్డు అంటుకుంది. ఇంక చూడ్డానికేముందన్నాడు.

"అయితే ఆయన తలుపు తీసేటప్పటికే బ్యాటరీ తగిలించి ఉందంటారు?"

"ముమ్మాటికీ."

"ఆ మాట మీద ఉండండి సార్."

వెనక తలుపు తీసి ఆమె లోపలికి దూరింది. సగం కాలిన సీటు పక్కన, మసి పట్టిన గాజుబుడ్డి కింద ఉంది లోపలి దీపం. సర్వేయర్ని పిలిచి ముందు ఫోటో తియ్యమంది. చేతిరుమాలుతో మసి తుడిచింది. గాజుబుడ్డి విప్పింది. బల్బుని వెలుతురుకి పట్టుకుంది. లోపల సన్నటి తీగ తెగలేదు. గాజు నల్లబడలేదు. ఇత్తడి అడుగున ఆరు అంకె స్పష్టంగా ఉంది. మేస్త్రి కాపలావాడు బతికే ఉన్నాడు. ఆమెకి గట్టిగా అరవాలనిపించింది, అరవలేదు.

అయితే ఏమిటన్నాడు సర్వేయరు. ఆమె ఆయన్ని గేటు బయటున్న ఆయన సొంత కారు దగ్గరికే లాక్కెళ్ళింది. బానెట్ ఎత్తించి, అగ్గిపెట్టెలోంచి మేస్త్రి ఇచ్చిన బల్బు ఒకటి తీసి, రెండు వైరుముక్కలతో ఆయన పన్నెండు వోల్టుల బ్యాటరీకి తాకించింది. ఎండలో కూడా కళ్ళు చెదిరేలా మెరిసి బల్బు ఆరిపోయింది. గాజు లోపల నల్లటి పొగ కమ్మింది, తీగ రెండు ముక్కలయింది.

"ఇది దాని చెల్లెలే. తలుపు తీసినప్పుడు కారులో పన్నెండు వోల్టులుంటే ఆ బల్బుకీ ఇదే గతి పట్టాలి. పట్టలేదు. మీ కథలో బ్యాటరీ ముందు, తలుపు తర్వాత. అది జరగలేదు సార్."

సర్వేయరు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ఆ దీపానికి కనెక్షన్ ఊడిపోయి ఉండొచ్చుగా అన్నాడు. ఆమె వెనక్కి తీసుకెళ్ళి దీపం వెనక వైరు లాగి చూడమంది. లాగాడు. మంటకి తెగినచోటి దాకా గట్టిగా బిగించే ఉంది. తలుపు స్విచ్చి కూడా సరిగ్గానే ఉంది. ఆయన మొహం మాడింది. అయినా బ్యాటరీ బిగించి ఉన్నది కళ్ళకి కనబడుతోంది కదా అని గొణిగాడు.

"అయితే విప్పండి. మీ చేత్తోనే విప్పండి. ముందు ఉంగరం తియ్యండి సార్."

ఆయన ఆమెని ఎగాదిగా చూసి, ఉంగరం తీసి జేబులో వేసుకుని, పానా అందుకున్నాడు. మొదటి క్లాంపు వదులై పైకి లేచింది. కింద బ్యాటరీ మొన చుట్టూ నల్లగా, మెత్తగా మసి. క్లాంపు కరుచుకున్న చోట గీతలు తప్ప శుభ్రమైన సీసం ఎక్కడా లేదు. రెండోదీ విప్పాడు. అక్కడా అంతే. మంటకి ముందే బిగించి ఉంటే క్లాంపు కింద మసి చేరే వీల్లేదు. సర్వేయరు పానా పక్కన పెట్టి రెండు మొనలనీ నిమిషం పాటు వేలితో రాసి చూశాడు. ఆ నిమిషం డిటెక్టివ్ వాచీలో చూసుకుంది, మూడూ పన్నెండు నుంచి మూడూ పదమూడు.

"మసి పట్టాక బిగించారు," అన్నాడు చివరికి. "మంట ఆరిపోయాక."

"బాడీకి ఏది బిగించి ఉంది సార్?"

ఆయన మళ్ళీ వంగి చూశాడు. "ప్లస్సు. ప్లస్సు మొన లావు కదా, దానికి క్లాంపు పట్టక స్క్రూడ్రైవరుతో వెడల్పు చేశారు, ఇదిగో గుర్తు." ఆయన తొందరమనిషే గానీ తెలివితక్కువ మనిషి కాదు. ఆ వైరు ఎందుకు కరిగిందో ఆయనకి ఆ క్షణంలోనే తట్టింది. ఆల్టర్నేటరుకి బ్యాటరీ తిరగేసి పెడితే కొత్త వైరైనా కరిగి తీరుతుంది. తను షార్టు సర్క్యూటు అనుకున్నది మంట అయిపోయాక పుట్టిన గాయం. అప్పటికి దీపం వైరు కాలిపోయింది కాబట్టి బల్బు దాకా ఆ కరెంటు రాలేదు.

డిటెక్టివ్ గబగబా మిగతాది కలిపింది. మేస్త్రి అయితే ఆ తప్పు చెయ్యడు, తిరగేసిందే అతను. ఈ కాలం కార్లు నడిపేవాడెవడైనా మైనస్సే బాడీకి పెడతాడు, అన్ని కార్లూ అంతే. ప్లస్సు బాడీకి పెట్టాలని చేతికి అలవాటైపోయినవాడు ఒక్కడే ఉంటాడు. ఇలాంటి పాత కారుని ఏళ్ళ తరబడి సొంతంగా చూసుకున్నవాడు.

సర్వేయరు ఫోన్ తీశాడు. రిపోర్టు ఆపేశాననీ, మేస్త్రి తప్పేమీ లేదనీ, కానిస్టేబుల్ని వెనక్కి పిలిపించుకోమనీ ఇన్‌స్పెక్టరుకి గట్టిగా చెప్పాడు. మూడూ పద్దెనిమిది. డిటెక్టివ్ ఆ మధ్యాహ్నం మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకుంది. ఇంకా నలభై రెండు నిమిషాలుండగానే గెలిచింది. ఆ వాచ్‌మన్‌కి చెయ్యలేనిది ఈ ముసలాయనకి చేసింది. ఆమెకి నిజంగా సంతోషమేసింది.

ఆ సంతోషం వరండా దాకా కూడా నిలవలేదు. తమ్ముడు కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ నుంచి షెడ్డు తలుపు పదడుగులు, లోపల మాట్లాడిన ప్రతి మాటా వినబడుతుంది. కట్టు మార్పించుకోవడానికి మందుల షాపుకని ఇప్పుడే వెళ్ళాడని లోపల నుంచి పెద్దాయన భార్య, ఆ ఇంటి పెద్దావిడ, చెప్పింది.

ఆమె చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మంచం అంచున కూర్చుని ఉంది. డిటెక్టివ్ మొదటిసారి ఒకరి ముందు కుదురుగా కూర్చుంది. షెడ్డులో కుడివైపు ఖాళీ ఎవరిదని మెల్లగా అడిగింది. అది మరిది కారుదని పెద్దావిడ చెప్పింది. మామగారు ఒకేరోజు, అప్పటికే పాతబడ్డ ఒకే రకం కార్లు రెండు కొన్నారట, ఇద్దరు కొడుకులకీ తలొకటి. వేరుపడ్డప్పుడు మరిది తన కారు తన ఇంటి షెడ్డుకి తీసుకెళ్ళిపోయాడట.

"దాని మీద ఇంకొకళ్ళ చెయ్యి పడనివ్వడమ్మా. బ్యాటరీ కూడా తనే మార్చుకుంటాడు. ఇవాళా దాంట్లోనే వచ్చాడు, వెనక వీధిలో పెట్టాడు."

ఓనమాలు తెలియవన్నాడు. కాలిపోయిన కారు డాష్‌బోర్డులో ఏమైనా పెట్టేవారా అని డిటెక్టివ్ అడిగింది. పెట్టేవారు. మామగారి కాలం నుంచీ ఆ ఇంట్లో ముఖ్యమైన కాగితాలుండేది కారు డాష్‌బోర్డు పెట్టెలోనే, బీరువా అంటే ఆయనకి నమ్మకం లేదు. ఇంటి పంపకాల కాగితం కూడా అందులోనే ఉండేది. దాని మీదున్న సంతకం తను పెట్టింది కాదని పెద్దాయన ఆదివారం కనిపెట్టాడు. బుధవారం వకీలు దగ్గరికి పట్టుకెళ్తానన్నాడు. ముందు తమ్ముడినే అడుగుతాననీ, మంగళవారం పొద్దున రమ్మన్నాననీ చెప్పాడు.

చెబుతూ చెబుతూ పెద్దావిడ ఆగిపోయింది. రెండు రోజులుగా ఎదురుగానే ఉన్న సంగతి ఆమెకి ఇప్పుడు అర్థమవుతోంది. "మంట ఆర్పబోయి వేలు కాల్చుకున్నాడు కదమ్మా," అంది, తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు.

వేలొక్కటే కాలింది, అదీ ఉంగరం ఉండే చోట. గొళ్ళెం తీస్తే కాలిందన్నాడు. ఆ గొళ్ళెం బయటివైపే ఉంది. బయట గొళ్ళెం వేసి ఉందంటే లోపలున్న పెద్దాయన వేసుకుని ఉండడు, కాగితమున్న డాష్‌బోర్డుకి నిప్పు పెట్టినవాడే వేసి ఉండాలి. గాయానికి అబద్ధం వెతుక్కోబోయి ఆ మనిషి నిజాన్ని జారవిడిచాడు. ఇవన్నీ ఆ ముసలావిడ మొహం మీద చెప్పడానికి డిటెక్టివ్‌కి మనసొప్పలేదు. ఆమె చెయ్యి ఒకసారి నొక్కి బయటికొచ్చి, ఇన్‌స్పెక్టరుకి మొత్తం చెప్పమని సర్వేయరుకి సైగ చేసి, తను వర్క్‌షాపుకి ఫోన్ కలిపింది.

మూడూ ముప్పై ఎనిమిది. మేస్త్రి కూతురు గొంతులో ఉత్సాహం పొంగుతోంది. కానిస్టేబులు వెళ్ళిపోయాడట. నాన్న టీ తాగాడట. ఆమె మేడమ్ మేడమ్ అంటూ దణ్ణాలు పెట్టేస్తోంది. నాన్నకి ఫోన్ ఇమ్మని డిటెక్టివ్ అడిగింది.

"నాన్న లేడు మేడమ్, రెండు నిమిషాలైంది వెళ్ళి. కొత్త పనొచ్చింది. పెద్దాయన తమ్ముడుగారే వచ్చారు. నీ తప్పేమీ లేదని నాకు తెలుసు మేస్త్రీ, నా కారు కూడా పన్నెండుకి మార్చు, ఇప్పుడే మా షెడ్డుకొచ్చి చూడు అన్నారు. అచ్చం ఆ కారులాంటిదే, ముచ్చటగా ఉంది."

డిటెక్టివ్ గేటు వైపు అడుగులేసింది. మేస్త్రిని విడిపించింది తనే. కానిస్టేబులు గుమ్మంలో ఉన్నంతసేపూ ఆ ముసలాయన జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. బ్యాటరీ ఎలా తిరగేశాడో, కాపలా బల్బు అంటే ఏమిటో కోర్టులో చెప్పగలిగిన నోరు అతనిదొక్కటే. ఆ నోటికి ఉన్న కాపలాని తను దగ్గరుండి తీయించేసింది.

"నాన్న ఏమైనా అన్నాడా? వెళ్ళేముందు? గుర్తు తెచ్చుకుని చెప్పు."

"ఆయన వేలికి కట్టు ఊడిపోతూంటే నేను కడతానన్నాడు. విప్పి చూసి, మళ్ళీ కట్టాడు. మీ అమ్మాయిని కూడా తీసుకురా, సాయంగా ఉంటుందని ఆయనంటే, దానికి షాపులో పనుంది, నేనొక్కణ్ణే వస్తానని గబగబా కారెక్కేశాడు."

డిటెక్టివ్ కళ్ళు మూసుకుంది. ఉంగరం కాల్చిన గాయాన్ని ఒక్క చూపులో గుర్తుపడతారని మేస్త్రే చెప్పాడు. గుర్తుపట్టాడు. తెలిసే ఎక్కాడు. కూతురు పక్కన నిలబడి ఉంది, ఆ తమ్ముడు ఆమెని కూడా రమ్మంటున్నాడు. ఆ ఇద్దరినీ దూరం చెయ్యడానికి అతనికి దొరికిన దారి అదొక్కటే.

"ఇంకోటి మేడమ్," అంది కూతురు. ఆ గొంతులో ఉత్సాహం ఇప్పుడు కొంచెం తగ్గింది. "మెడలో టెస్ట్ ల్యాంపు తీసి నా చేతిలో పెట్టాడు. అది లేకుండా ఎప్పుడూ పనికి వెళ్ళడు. మేడమ్ అడిగితే కాపలా అని చెప్పమన్నాడు. అంటే ఏంటి మేడమ్?"

షట్టరు దించి లోపల తాళం వేసుకోమనీ, తను వచ్చేదాకా ఎవరు పిలిచినా తియ్యొద్దనీ డిటెక్టివ్ చెప్పింది. అప్పటికే పరిగెడుతోంది. సర్వేయరు తన కారు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. తమ్ముడి ఇంటికి ఎంతసేపు అని ఆమె అడక్కముందే, పద్నాలుగు నిమిషాలన్నాడు. ఆ పాత కారు నాలుగు నిమిషాల ముందు బయల్దేరింది.

ఫోన్‌లో షట్టరు కిందికి జారిన చప్పుడు వినబడింది. దాని వెనకే కూతురి గొంతు, ఇప్పుడు బాగా చిన్నదైపోయి.

"నాన్న ఎన్నింటికి వస్తాడు మేడమ్?"

కారు కదిలింది. గడియారం అని పేరుపడ్డ మనిషి వాచీ వైపు చూసింది. మూడూ నలభై. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర టైము లేదు.